అడుగు మాడిన గిన్నె

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది, వానలు మొదలవకముందు, చీపురుపల్లిలో మేము ఆ ఇంట్లోకి వెళ్ళాం. స్టేషను వెనక వీధిలో రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు. ఇద్దరికీ అది రెండో పెళ్ళి. ఆయన మొదటి భార్య పోయి చాలా కాలమైంది. నా మొదటి భర్త కిడ్నీ జబ్బుతో పోయారు. అరసవల్లి గుడి దగ్గర దండలు మార్చుకుని, అక్కడే హోటల్లో భోజనం చేసి, బస్సెక్కి వచ్చేశాం. సంతోషంగా ఉందా అని ఆ రోజు నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. పన్ను పీకడానికి మత్తు సూది వేశాక చెంప తడుముకుంటే ఎలా ఉంటుందో, ఆ రోజుల్లో నాకు అన్నీ అలాగే ఉండేవి. చెయ్యి తగులుతున్నట్టు తెలుస్తుంది, అది ఎవరి చెంపో తెలియదు.

అంతకు ముందు కొన్నేళ్ళు గజపతినగరంలో మా అన్నయ్య ఇంటి వెనక గదిలో ఉన్నాను. పెళ్ళయ్యాక కూడా అన్నయ్య ఆ గది ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచాడు. కుదిరితే ఉండమనీ, కుదరకపోతే గది ఎక్కడికీ పోదనీ మా ఆయన ఎదుటే అన్నాడు. ఆయన తలూపారు. నా పాత కాపురం సామాను ఉన్న ట్రంకు పెట్టెలు ఆ గదిలోనే వదిలేసి, బట్టల సంచితో వచ్చాను. దసరా దాకా చూద్దాం అనుకున్నాను. ఏం చూడాలో మాత్రం అనుకోలేదు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది శాఖా గ్రంథాలయం. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక బెంచీ ఖాళీ అయ్యేది. బీరువాలో ఏ వరసన ఉంటే ఆ వరసనే చదివాను. నవలలు, భూగోళం, తేనెటీగల పెంపకం, ఇళ్ళ నిర్మాణం, లోహాల మీద పిల్లల కోసం రాసిన పుస్తకం. కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఏమిటో డిగ్రీ చదివిన మా వదిన నన్నే అడిగేది. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

మా ఆయనది మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల షాపు. అంతవరకూ షాపు వెనక గదుల్లోనే కాపురం ఉన్నారు. అక్కడ ఉండనని నేను అనలేదు. ఆయనే వద్దని ఈ పాత ఇల్లు కొన్నారు. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. సున్నం మేమే వేసుకున్నాం. ముందు గోడని బాగా తడపాలని చెప్పాను. సున్నం గట్టిపడడమంటే ఊరికే నీళ్ళు ఆరిపోవడం కాదని, గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పట్టుకుని అది మళ్ళీ రాయి అవుతుందని, అందుకు తడి కావాలని చదివాను. ఆయన బకెట్టు తెచ్చి గోడ తడిపారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయనొక గోడా, నేనొక గోడా. ఆయన కనురెప్పల వెంట్రుకల మీద సున్నం పడింది. చూశాను. చెప్పలేదు. ఆయనే తుడుచుకున్నారు.

వంటింటి గోడకి సామాను పెట్టుకునే చెక్కలు కొట్టాక, షాపు వెనక గదుల నుంచి గోనె సంచుల్లో గిన్నెలు వచ్చాయి. బిందె మొదలు గరిటె దాకా అన్నిటి మీదా మొదటి భార్య పేరు కొట్టి ఉంది. పెళ్ళికి ఇచ్చే సామాన్ల మీద పేరు కొట్టించడం మా వైపు మామూలే. కానీ ఇవి ఆయన స్వయంగా కొట్టినవి. షాపులో గిరాకీలకి గబగబా కొట్టే అక్షరాలు వేరు, ఇవి వేరు. ప్రతి పేరు కిందా చిన్న పువ్వు ఉంది. గరిటె కాడ మీద చోటు లేకపోయినా సగం పువ్వు ఉంది.

గిన్నెలన్నీ పేర్లు గోడవైపు ఉండేలా సర్దాను. కోపంతో కాదు. చదవడం అలవాటైన కళ్ళు, అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేవు. ఆయన వచ్చి చెక్కల వైపు చూసి బయటికి వెళ్ళారు. మర్నాడు భోజనం దగ్గర, షాపు నిండా సామాను ఉంది, వేరేవి తెమ్మంటావా అని అడిగారు. అక్కర్లేదన్నాను.

"సెరపడానికి అవదు. సానబడితే పేరు పోతాది గాని, గిన్ని పలసబడిపోతాది," అన్నారు.

స్టీలు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుందనీ, గీసినచోట కూడా అది తనంతట తానే మళ్ళీ కమ్ముకుంటుందనీ, అందుకే తుప్పు పట్టదనీ నేను చదివింది చెప్పాను. ఏళ్ళ తరబడి స్టీలు అమ్మిన మనిషి ముద్ద చేతిలో పట్టుకుని విన్నారు.

"అందుకేనేటి, పేర్లు అలాగే ఉండిపోతాయి," అన్నారు. తర్వాత మజ్జిగ అడిగారు.

పాలు పొంగించడానికి మాత్రం కొత్త గిన్నె ఒకటి తెచ్చారు. స్టిక్కరు ఇంకా ఉంది. పేర్లు కొట్టే చిన్న మిషను కూడా షాపు నుంచి తెచ్చి, ప్లగ్గు పెట్టి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏటని కొట్టమంటావు?"

నా పేరు చెప్పడానికి అంతసేపు పట్టకూడదు. కానీ ఆ పేరు గజపతినగరం పెట్టెల్లోని గిన్నెల మీద ఇంకొకరి పేరు పక్కన ఉంది. ఏమీ వద్దన్నాను.

"పేరు నేకపోతే, ఎవలింటికైనా ఎల్తే తిరిగొస్తాదేటి?"

"రాకపోతే పోనీండి."

ఆయన వైరు చుట్టి మిషను పక్కన పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న పాలు పొంగాయి. ఆయన దండం పెట్టుకుని, మంచం తెచ్చిన ఆటో అతన్ని చూడడానికి బయటికి వెళ్ళారు. నేను స్టవ్ తగ్గించాలి. తగ్గించాలని తెలుసు. పాలు దిగడం చూశాను, అంచున మీగడ గోధుమరంగు తిరగడం చూశాను, వాసన కూడా వచ్చింది. చెయ్యి లేవలేదు. పెరటి గుమ్మంలోంచి పక్కింటావిడ వచ్చి స్టవ్ కట్టేసింది. ఆవిడది సముద్రం ఒడ్డు ఊరు. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది, నాకంటే పెద్దది.

"ఓలమ్మీ, కంపు మా ఇంటికొచ్చీసినాది," అంది. ఎండుచేపల గంపలున్న ఇంటికి.

మిగిలిన పాలతో పరమాన్నం వండాను. మాడు వాసన వేసింది. ఆయన మారు వడ్డించమన్నారు. గిన్నె లోపల అడుగున అరచేతంత నల్లటి మచ్చ ఉండిపోయింది. సోడా వేసి మరిగిస్తే వదులుతుందని తెలుసు. మరిగించలేదు.

వానలు పడ్డాయి. వంటింట్లో ఒకచోట కారితే ఆయన పైకెక్కి సిమెంటు పూశారు. కుళాయి వాషరు మార్చారు. పగలు షాపు, సాయంత్రం ఇల్లు. నేను వండేదాన్ని, చదివేదాన్ని. ఎవరూ ఎవరినీ బాధపెట్టలేదు. అలా ఎన్నేళ్ళైనా ఉండొచ్చనీ, రేపు పొద్దున్నే వెళ్ళిపోవచ్చనీ ఒకే రకంగా అనిపించేది.

దసరా ఇంకా రాకముందే అన్నయ్య ఫోన్ చేశాడు. బ్యాంకులో పనిచేసే అబ్బాయి వెనక గది అద్దెకి అడుగుతున్నాడట. ఇవ్వకపోయినా ఫరవాలేదు, కానీ ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పాలన్నాడు. ఆ మాట మా ఆయనకి చెప్పాను. వినగానే లేచి, బాగానే ఉన్న పెరటి తలుపు గొళ్ళెం విప్పి మళ్ళీ బిగించారు. నా వైపు చూడకుండానే అన్నారు.

"నేనైతే ఉండమనే అంటాను. గాని నా మాట నువ్వు లెక్కలోకి తీసుకోకు."

ఏ పుస్తకంలో ఏముందో గుర్తు తెచ్చుకుంటూ మూడు నాలుగు రోజులు గడిపాను. ఇలాంటి దానికి ఏ బీరువాలోనూ ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. ఆ వారం మొదట్లో, అమ్మవారి పండగకి చుట్టాలొచ్చారని మా ఇంట్లోంచి పెద్ద గిన్నె ఒకటీ, పాలగిన్నె ఒకటీ పట్టుకెళ్ళింది. వీధంతా తిరిగి సేకరించిన గిన్నెలు గంపలో ఉన్నాయి, ఎవరివి వాళ్ళకి ఇచ్చుకుంటూ వస్తోంది. మా రెండూ తీసి గట్టు మీద పెట్టింది.

"ఇది ఆయమ్మది, ఇది నీది," అంది.

పేరు లేని గిన్నె నాదని ఎలా తెలిసిందని అడిగాను.

ఆవిడ దాన్ని నా వైపు వంచి లోపల అడుగు చూపించింది. "పేరున్నది ఆయమ్మది. మాడినది నీది. ఈ ఈదిలో పాలు ఇంతలాగ తగలెట్టిన మనిషి నువ్వు కాక ఇంకెవలున్నారు సెల్లీ? దీనికి మళ్ళీ పేరు కూడానా?"

నవ్వుతూ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేనూ నవ్వాననుకుంటాను, మొహం కదిలినట్టనిపించింది. గిన్నెలు రెండూ చెక్క మీద పక్కపక్కన పెట్టాను. పెద్దదాని పేరు బయటికి కనిపిస్తోంది. తిప్పడానికి చెయ్యి వెళ్ళింది, తిప్పకుండానే వచ్చేసింది.

సాయంత్రం ఆయన షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా అన్నయ్యకి ఫోన్ చేశాను. గది ఇచ్చేయమన్నాను. మరి పెట్టెల సంగతేమిటని అన్నయ్య అడిగాడు. తెచ్చుకుంటామన్నాను.

ఆయన తువ్వాలుతో అక్కడే నిలబడి ఉన్నారు.

"పెట్టెల నిండా గిన్నెలే ఉన్నాయి. వాటి మీదా పేర్లున్నాయి, నాదీ, పోయిన ఆయనదీ," అన్నాను.

"ఉండనీ," అన్నారు. వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు చూశారు. "సోటు సాలదు. ఇంకో సెక్క కొట్టాల."

పెరట్లో మిగిలిన చెక్క ఉంది. చీకటి పడకముందే కొట్టేద్దామన్నారు. స్టూలెక్కి, జానలతో గోడ కొలిచి, పెన్సిలుతో గీత పెట్టారు. సుత్తి దెబ్బకి మేము వేసిన సున్నం కొంచెం రాలి కింది గిన్నెల్లో పడింది. నాకు ఏమనిపించిందో చెప్పలేను. మేకులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన చెయ్యి కిందికి చాపినప్పుడల్లా ఒకటి అందించాను.