ఏకాదశి నాటి ఖాళీ కడుపు

మార్గశిర బహుళ ఏకాదశి, బుధవారం. ఉదయం ఏడు గంటలు, మా ఊరి పంచాయతీ అరుగు. హాజరైనవారు: రక్తం తీయడానికి బెంగళూరు నుంచి వచ్చిన డాక్టరమ్మ, ఆమె సహాయకురాలు, పురుగుమందు కొట్టిన చేతులవాళ్ళు నలభై మంది, వాళ్ళలోనే చనిపోయిన నా తమ్ముడి భార్య, పురుగుమందుల దుకాణం సావుకారి, నేను.

డైరీలో ఆ పుట ఇలా మొదలవుతుంది. కన్నడ నాట మల్లట్ దగ్గర కాలువ మీద ముప్పై ఏళ్ళు గేజీ చూసి నీటిమట్టం రాసే ఉద్యోగం చేశాను, అందుకే ఊరందరికీ గేజీ అన్నను. సర్కారు పుస్తకంలో నీళ్ళు రాసేవాణ్ణి, నా పుస్తకంలో మనుషుల్ని. సావుకారి గురించి రాసినంతగా ఇంకెవరి గురించీ రాయలేదు.

తమ్ముడు పత్తికి మందు కొట్టేవాడు. ఒకరోజు డ్రమ్ములో కర్రతో కలుపుతుంటే, నా కళ్ళముందే సావుకారి చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా చెయ్యి ముంచి తిప్పాడు.

"కర్రతోని ఏం ఆటలురా? చేత్తోని కలుపు. సూడు, నాకేమైంది? ఇది పురుగుకే విషం, మనిషి ఒంట్లకు పోదు."

ఆ మందును అప్పటికే సర్కారు నిషేధించింది. డబ్బా మీది కాగితం చించి అమ్మేవాడు. తమ్ముడూ మరదలూ నాలుగు పంటలు చేతులతోనే కలిపారు. ఆఖరి పంటకు తమ్ముడు చేనులోనే ఫిట్స్ వచ్చి పోయాడు. సారా చుక్క ముట్టనివాడు. శవం లేవకముందే సావుకారి "తాగి పడ్డడు" అని ఊరంతా చెప్పాడు, ఊరు నమ్మింది. ఆ మాటను తేదీ వేసి రాసుకున్నాను.

అందుకే రక్తపరీక్ష అనగానే నేనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించాను. ఇలాంటి మందు ఏళ్ళ తరబడి ఒంటి కొవ్వులో దాగి, కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తుందట. తమ్ముడు తాగలేదని ఏ పరీక్షా చెప్పదు, తెలుసు. 'ఒంట్లకు పోదు' అన్న మాటనైనా చంపాలనుకున్నాను. షరతు ఒకటే: రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు.

నేను అరుగు దగ్గరికి వెళ్ళేసరికి సావుకారి డేక్షాలోంచి ఉప్మా వడ్డిస్తున్నాడు, మీద నెయ్యి. నలభై మందీ తింటున్నారు. మరదలు నన్ను చూసి ముద్ద నోట్లోనే ఆపింది.

"నీళ్ళు తప్ప ఏమొద్దని చెప్పిన గదమ్మా?"

"డాక్టరమ్మనే పంపిందన్నడు బావా. చేతిల పెట్టినంక ఎట్ల వద్దనాలె?"

మా వైపు, పెట్టిన విస్తరిని వద్దంటే పెట్టినవాణ్ణి కొట్టినట్టే. అది సావుకారికి బాగా తెలుసు.

డాక్టరమ్మ వచ్చి చూసి తల పట్టుకుంది. నెయ్యి తిన్నవాళ్ళ రక్తంలో కొలత తప్పుతుందని, ఇవాళ వీళ్ళెవరికీ సూది వేయనని కన్నడంలో చెప్పింది.

"అయ్యో, నాకేం తెలుసు గేజీ అన్నా!" అన్నాడు సావుకారి. "పుణ్యానికి పోతే గిట్లాయె. నువ్వు గూడ ఇంత తిను."

"నువ్వు తినలే?"

"నాకు ఏకాదశి గదా. రేపు పొద్దున దాంక నీళ్ళే."

ఆయన ఏ ఏకాదశినీ తప్పడని ఇరవై ఏళ్ళుగా నాకు తెలుసు. ఆ మాట ఆయన నోటితోనే రావాలని అడిగాను. డాక్టరమ్మ వైపు తిరిగి, ఖాళీ కడుపు మనిషి ఒకడున్నాడని, మోచేతి దాకా మందులో ముంచిన చెయ్యి కూడా ఉందని చెప్పాను.

సావుకారి మెల్లగా చెప్పులు వెతుక్కోసాగాడు. విస్తరి ముందు నుంచి ఒక ముసలామె లేచింది.

"యాడికి? ఒంట్లకు పోదంటివి గదా! ఇయ్యి మరి నీ రక్తం."

"దోమ కుట్టినట్టే ఉంటది సావుకారీ, భయపడకు!" అని ఇంకొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచి బయటికి దారి దొరక్క ఆయన పరీక్షకు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి కూర్చున్నాడు. సూది దిగుతుంటే నేను గొట్టాన్ని కాదు, ఆయన ముఖాన్నే చూశాను. సంతోషం కలిగింది. అలాగే రాసుకున్నాను.

మర్నాడు ద్వాదశి. మా కోసం డాక్టరమ్మ ఒక రోజు ఆగింది. ఆరింటికే నలభై మందీ కడుపులు మాడ్చుకుని వచ్చారు. మొదటి సూది మరదలికి వేశారు. డేక్షా రాలేదు, సావుకారి వచ్చాడు. మోచేతి దగ్గర నిన్నటి ప్లాస్టర్ అలాగే ఉంది. రాత్రి నిద్రపోని కళ్ళు. నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, నీ డైరీల రాసుకునుంటవ్. ఆ దినం నా చెయ్యి మందుల ఎంతసేపున్నది?"

"ముందుగాల అరుగెక్కు. నా తమ్ముడు తాగలేదని చెప్పు."

ఆయన అరుగెక్కి ఏదో గొణిగాడు. మరదలు దూది ఒత్తి పట్టుకునే లేచి నిలబడింది.

"ఇనవడలే సావుకారీ. గట్టిగ."

"ఆయన తాగలే," అన్నాడు. ఈసారి అందరికీ వినిపించింది.

కిందికి దిగి నా ముందుకొచ్చి నిలుచున్నాడు. డైరీ నా చంకలోనే ఉంది. తెరవలేదు. తెరుస్తానని నేను మాట ఇవ్వలేదు.