కొంగున కట్టిన ఖోఖా

పేల్చేసిన తూటా మిగిల్చే ఇత్తడి తొడుగును ఫౌజులో ఖోఖా అంటారు. ఈ మాట నేను పెళ్లయిన నాలుగేళ్లకు, ఢిల్లీ కంటోన్మెంటులో, బోలెడంత సిగ్గుపడి నేర్చుకున్నాను.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. విజయనగరం దగ్గర మా ఊళ్లో చిన్నప్పటినుంచీ బావా అనే పిలిచాను. క్వార్టర్లో పక్కింటి పంజాబీ దీదీ ఎంత నవ్వినా ఆ పిలుపు మానలేదు. అప్పట్లో బావ హవల్దారు. ఫైరింగ్ రేంజిలో కాల్పులయ్యాక ఖోఖాలు ఏరించి, లెక్క చూసి, సంచుల్లో కట్టించి డిపోకి పంపడం ఆయన పని. అక్కడ వాటిని కరిగించి ఆ ఇత్తడిని మళ్లీ వాడతారట. ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖోఖాలూ తిరిగి రావాలి. ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదు.

ఆ చలికాలం బావకు సరిహద్దుకు పోస్టింగు వచ్చింది. రెండేళ్లు. భార్యను తీసుకెళ్లే చోటు కాదు. బయలుదేరడానికి ఇంకా పది రోజులున్నాయి. నేను పైకి సణుగుతూ లోపల బెంగపడుతున్నాను. ఆ వారంలోనే ఫౌజీ కుటుంబాలకు రేంజి చూపించే రోజు పెట్టారు. ఆడవాళ్లకు తలా ఐదు తూటాలు. ఎలా కాల్చాలో చూపించడానికి ముందుగా బావే నేలమీద పడుకుని ఒకటి పేల్చాడు. తుపాకీ పక్కనుంచి చిన్న ఇత్తడి గొట్టం ఎగిరి వచ్చి నా చెప్పు దగ్గర పడింది. అందరూ టార్గెట్ వైపు చూస్తున్నారు. కాసేపాగి వంగి తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. ఈయన చేత్తో పేల్చింది కదా, ఈయన వెళ్లాక కుంకుమభరిణె పక్కన పెట్టుకుందామనిపించింది. పారేసే చెత్తే అనుకున్నాను. చీరకొంగు చివర వేసి ముడేశాను. మొగుణ్ణి కొంగున కట్టుకోవడమంటే ఇదేనని నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

గంట తర్వాత లెక్కలో ఒకటి తగ్గింది.

"ఏక్ ఖోఖా కమ్ హై, సాబ్" అని బావ ఆఫీసరుతో చెప్పగానే రేంజి మొత్తం ఆగిపోయింది. అది దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. జవాన్లు వరసగా మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని వేళ్లతో దువ్వుతున్నారు. వాళ్ల మధ్యలో బావ. దొరక్కపోతే విచారణ పెడతారని, పన్నెండేళ్ల సర్వీసులో మచ్చ పడేది మా ఆయనకేనని దీదీ చెప్పింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. పెద్దసాబు, ఆయన భార్య, అంతమంది ముందు నోరు పెగల్లేదు. నోరుగలదని ఊరంతా పేరు మోసిన మనిషిని నేను. ఊరికే నడుస్తున్నట్టు అటు వెళ్లి, ముడి విప్పి, బావకు రెండడుగుల దూరంలో గడ్డిలో వదిలేశాను.

ఆయన చూశాడు. ఖోఖానీ చూశాడు, నలిగిన నా కొంగునీ చూశాడు. దాన్ని తీసుకుని లేచి నిలబడ్డాడు. గడ్డిలో దొరికిందని సాబుతో హిందీలో చెప్పాడు.

ఇంటికొచ్చాక అన్నం తిన్నాడు, మాట్లాడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాడూ అదే వరస. నాకే ఓపిక నశించింది.

"నానే తీసినాను బావా. తిట్టరాదేటి?"

"నాకు తెల్దేటి? నువ్వు తీసినందుకు కాదే. సాబు ముందర అబద్ధమాడినాను. ఇన్నేళ్లలో అదే మొదలు."

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా సిగ్గు దాచుకోవడానికి ఆయన చేత అబద్ధమాడించాను. "పద, నానే సెప్తాను" అని చెప్పులేసుకున్నాను. వద్దంటాడనుకున్నాను, అనలేదు. ఆఫీసులో సాబు ముందు నిలబడి, తీసింది నేనని, ఈయన నాకోసమే అబద్ధమాడాడని నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పాను.

"ఖోఖా హమ్ లియా, సాబ్. ఏ మేరే వాస్తే ఝూఠ్ బోలా."

ఎందుకు తీశావని సాబు అడిగారు. ఈయన వెళ్లిపోతున్నారని, అన్నాను. ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నారు. తర్వాత బావను నా ఎదుటే గట్టిగా మందలించారు. రాతలో మాత్రం ఏమీ పెట్టలేదు.

దారిలో బావ మొహం తేటపడింది. ఇంట్లోకి రాగానే "నీకేటన్నా ఇచ్చి ఎల్లాల" అంటూ వెతకడం మొదలెట్టాడు. బూట్లు, కంబళి, బెల్టు, ఎనామిల్ మగ్గు. ఒక్కొక్కటీ తీసి చూసి, "ఇది సర్కారుది" అని పక్కన పెడుతున్నాడు. కుర్చీకి నంబరు, మంచానికి నంబరు. నాకు నవ్వాగలేదు. చివరికి గది మధ్యలో చతికిలబడి నావైపు చూశాడు.

"ఈ ఇంట్లో సర్కారుది కానిది నువ్వొక్కర్తివే. ఇంక నానేటిచ్చేది?"

నవ్వుతున్నదాన్ని ఆగిపోయాను. తనను కూడా సర్కారు లెక్కలోనే వేసేసుకున్నాడు బావ.