సామేలు మామ ఎవరో ఎరుక లేదన్నాను

ఒక మాట ఇన్నేళ్లుగా నా లోపలే ఉండిపోయింది. చిన్న మాట. అన్నప్పుడు నోటికి ఏ బరువూ తెలియలేదు. బరువు తర్వాత మొదలైంది. పెళ్లి రోజున, పిల్లలు పుట్టినప్పుడు, నేను పెద్ద పంతులునై నలుగురూ నన్ను మెచ్చుకుంటున్నప్పుడు, "వీళ్లకు తెలియదు" అని లోపల ఎవరో అన్నట్టుండేది. నా భార్యకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా ఆ పనికి పేరు పెట్టలేదు. "నా పాపాలు" అని అన్నింటినీ ఒక గుంపులో కలిపి చెప్పేసి లేచేవాణ్ని. అలా కలిపితే దేవుడికి మాత్రం తెలియదా? తెలుసు. నాకు వినబడకూడదని అలా చేసేవాణ్ని.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం చదువులు ఆగిపోయిన రోజులవి. మాది మొయినాబాద్. పట్నంలో కాలేజీ మూతపడి ఇంటికి వచ్చేశాను. మా నాయన కూలీనాలీ చేసి నన్ను చదివిస్తున్నాడు. కాలేజీ లేదు కదా అని చేతికి ఇచ్చే చిల్లర కూడా మానేశాడు. తప్పేమీ లేదు, ఆయన దగ్గర ఉంటే కదా.

నా స్నేహితులందరూ చేవెళ్ల వైపు వాళ్లు, భూములున్న ఇళ్ల పిల్లలు. వాళ్లలో విఠల్ మాకందరికీ ముందుండేవాడు. పొద్దున్నే చేవెళ్లలో కలుసుకుని, ఊరూరూ తిరిగి మీటింగులు పెట్టి, గొంతులు బొంగురుపోయేదాకా జై తెలంగాణ అని అరిచి, మధ్యాహ్నానికి మళ్లీ చేవెళ్లకే చేరేవాళ్లం. నేనూ మనస్ఫూర్తిగానే అరిచేవాణ్ని. ఇది మాత్రం నమ్మండి. మా కష్టం అబద్ధం కాదు, మేము అడిగింది అబద్ధం కాదు. అబద్ధమాడింది నేను.

చేవెళ్లలో పెద్ద రోడ్డు మీద ఒక భోజన హోటల్ ఉండేది. ఓనరు కోమటాయన, అందరూ సేటు అనేవాళ్లు. ఉద్యమంలో ఉన్న విద్యార్థులకు సగం రేటుకే భోజనం అన్నాడాయన. అభిమానంతో అన్నాడో, అద్దాలు పగలకుండా ఉండాలని అన్నాడో! మాకెందుకు? పప్పు, పచ్చిపులుసు, కడుపు నిండా అన్నం. రోజూ అక్కడే తినేవాళ్లం. నా వంతు డబ్బు వాళ్లలో ఎవరో ఒకరు కట్టేవాళ్లు.

అక్కడ వడ్డించే సప్లయరు సామేలు.

మా అమ్మది చందనవెల్లి. సామేలుది కూడా చందనవెల్లే, మా అవ్వ, అంటే అమ్మ తల్లి, ఉండే వాడలోనే ఆయన ఇల్లు. ఆయన తల్లి, మా అవ్వ చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. వరసకు నాకు మామ. చిన్నప్పుడు క్రిస్మస్‌కు అవ్వ దగ్గరికి వెళితే నన్ను భుజం మీద ఎక్కించుకుని వాడంతా తిప్పినవాడు. తర్వాత బతుకుదెరువుకు బెజవాడ వెళ్లి అక్కడి హోటళ్లలో చాలాకాలం పనిచేశాడు. తల్లికి చూపు పోయిందని తెలిసి తిరిగి వచ్చాడు. ఆమెను రోజూ చూసుకోవాలి కాబట్టి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరగలిగే పని వెతుక్కుని ఈ హోటల్లో కుదిరాడు.

అక్కడి హోటళ్ల మాట ఆయన నాలుకకు పట్టేసింది. "రండి బాబూ, కూర్చోండి. ఇంకొంచెం పప్పు వేయమంటారా?" అనేవాడు. మావాళ్లు నవ్వుకునేవాళ్లు.

మొదటి రోజు నా ముందు ఆకు వేస్తూ, ఎవరికీ వినబడకుండా వంగి, "అల్లుడా, మంచిగున్నవా?" అన్నాడు.

నేను ఆకు వైపే చూస్తూ, "నీళ్లు తీసుకురా" అన్నాను.

ఎందుకలా అన్నాను? బల్లలు తుడిచే మనిషి నాకు మామ అని విఠల్‌కు, మిగతావాళ్లకు తెలియకూడదనుకున్నాను. వాళ్లలో ఒకడిలా కనబడాలని అప్పుడు నాకు ఎంత ఆశ ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. ఆయన వెళ్లి నీళ్లు తెచ్చాడు. ఆ తర్వాత నన్ను కూడా బాబూ అనే పిలిచాడు.

ఒకరోజు చేతులు కడుక్కున్నాక టిప్పు మాట వచ్చింది. భోజనమే సగం రేటయితే టిప్పు కూడా సగం చాలదా అన్నాడొకడు. అసలెందుకివ్వాలి, ఇది ఉద్యమ భోజనం అన్నాడింకొకడు. విఠల్‌కు కోపం వచ్చింది.

"సగం రేటుకు పెట్టింది సేటు. సామేలన్న సగమే వడ్డిచ్చిండా? రోజు ఇంతమందిమి వచ్చి కూసుంటే ఆయనకు పని పెరిగింది గని తగ్గిందా? పూరా రేటుకు తింటె ఎంతిస్తుంటిమో గంతే ఇయ్యాలె."

అందరూ తలా కొంత తీశారు. పోగుచేసి సామేలుకు ఇచ్చే పని నాకు అప్పగించారు. ఎందుకంటే నేను నెమ్మదిగా తినేవాణ్ని, అందరికంటే చివర లేచేవాణ్ని. ఆ తిండి ఇంట్లో దొరికేది కాదు మరి.

మొదటి రోజు ఇచ్చాను. రెండో రోజూ ఇచ్చాననుకుంటా. తర్వాత ఒకరోజు జేబులో వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ డబ్బుతో ఏం చేశానో తెలుసా? సిగరెట్లు కొని స్నేహితులకే పంచాను. రోజూ వాళ్ల సిగరెట్లే తాగుతున్నానని నాకు చిన్నతనంగా ఉండేది. ఆ రోజు విఠల్ నా భుజం తట్టి, "ఏంరా, ఇయ్యాల నీదా?" అన్నాడు. ఎంత గర్వంగా అనిపించిందో! అప్పటి నుంచి అదే అలవాటైంది. సేటు ఇచ్చే జీతం ఆయనకు బొటాబొటిగా ఉండేదనీ, తల్లికి మందూమాకూ టిప్పుల మీదే నడిచేదనీ నాకు తెలియదా? అవ్వ చెప్పగా విన్నాను. విని కూడా చేశాను.

ఆయన ఏమీ అడగలేదు. వడ్డనలోనూ తేడా లేదు.

చివరికి విఠలే అడిగాడు. హోటల్ నిండా జనం ఉన్న మధ్యాహ్నం, అన్నం వడ్డిస్తున్న సామేలుతో ప్రేమగానే, "సామేలన్నా, మేమిచ్చే టిప్పు సరిపోతున్నదా?" అన్నాడు.

"టిప్పా? అది మొదట్లో రెండు రోజులే కదా బాబూ?"

అనేశాక ఆయన నా వైపు చూశాడు. అర్థమైంది. వెంటనే తల దించుకుని, "ఆ... అదా, అందుతోందిలెండి" అన్నాడు. నన్ను దాచబోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. విఠల్ నా వైపు తిరిగాడు.

"నువ్వు ఇస్తలేవారా?"

అందరూ తినడం ఆపారు. ఆ క్షణంలో తప్పయిందని ఒప్పుకుంటే ఏమయ్యేది? తిట్టేవాళ్లు. బహుశా ఎవరో ఒకరు చెయ్యి చేసుకునేవాళ్లు. మర్నాటికి మరిచిపోయేవాళ్లు. కానీ నాకు కావలసిన మాట నాలుక చివరన సిద్ధంగా ఉంది. ఆ రోజుల్లో ఆ మాట అంటే చాలు, ఇంక దేనికీ రుజువు అడిగేవాళ్లు లేరు.

"రోజు ఇస్తనే ఉన్న. తీసుకొని అబద్ధమాడుతున్నడు. ఆయన మాట వింటలేరా మీరు? మనోడు కాడు. ఆంధ్రోడు."

బెంచీలు వెనక్కి జరిగాయి. ఎవరో జై తెలంగాణ అన్నారు. పక్క బల్లల వాళ్లు కూడా లేచారు. సామేలు చేతిలో అన్నం గిన్నె అలాగే ఉంది. సేటు గల్లా పెట్టె దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమాయె? ఏమాయె బిడ్డా?"

"ఆంధ్రోన్ని పెట్టుకొని మాకు సగం రేటుకు అన్నం పెడుతున్నవా సేటూ?" అన్నాడొకడు.

సామేలుకు భయం పట్టుకుంది. ఆ భయంలో బెజవాడ మాట ఊడిపోయి సొంత మాట బయటికొచ్చింది. "నేను ఈడోన్నే సేటూ. చందనవెల్లోన్ని. మా అమ్మ ఆడనే ఉన్నది, కండ్లు కనవడయి. నీతోని మొదలే చెప్పిన గదా."

అందరూ గొల్లున నవ్వారు. "అగో, భాష మార్చిండు చూడు! మన మాట నేర్చుకుండు" అన్నారు. ఆయన నిజంగా మాట్లాడిన మాటే నటనలా కనబడింది వాళ్లకు.

అప్పుడాయన నా వైపు తిరిగాడు. అన్ని రోజులూ అందరి ముందు అనకుండా ఉన్న పిలుపు పిలిచాడు.

"అల్లుడా, నువ్వన్న చెప్పు. మీ అవ్వది మా వాడనే గదా. జర చెప్పు బిడ్డా."

సేటు నన్నడిగాడు. "ఎరుకనా నీకు? నువ్వు ఎరుకే అంటె నేను ఆయనను ఉంచుకుంట."

విఠల్ కూడా నా నోటివైపే చూస్తున్నాడు.

"నాకెరుక లేదు" అన్నాను.

ఇదే ఆ మాట.

సామేలు గిన్నె బల్ల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి మడిచి గల్లా పక్కన పెట్టాడు. సేటు చేతులు జోడించి మాతో, "పంపిచ్చేస్తున్న బిడ్డా, నా దుకాణం జోలికి రాకుండ్రి" అంటున్నాడు. తలుపు దగ్గర ఎవరో సామేలును వెనక నుంచి నెట్టారు. తూలి నిలదొక్కుకుని, చందనవెల్లికి పోయే షాబాద్ తోవ వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను మళ్లీ కూర్చున్నాను. ఆకులో ఉన్నదంతా తిన్నాను. ఎందుకు తినగలిగానో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం విఠల్ నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను అనుమానపడ్డ, ఏమనుకోకురా" అన్నాడు. ఏం పర్వాలేదన్నాను. దొంగ, నిజాయితీపరుడిని పెద్దమనసుతో క్షమించాడు. ఎంత బాగుందో చూడండి.

మాట ఆ రోడ్డు పొడవునా పాకింది. చేవెళ్లలో గానీ, మొయినాబాద్‌లో గానీ ఏ హోటల్లోనూ ఆయనకు పని దొరకలేదు. ఇక గత్యంతరం లేక తల్లిని మా అవ్వకు అప్పగించి మళ్లీ బెజవాడ వెళ్లాడు. కుదురుకున్నాక వచ్చి ఆమెను తీసుకెళతానన్నాడట. ఆ వానాకాలం దాటకుండానే ఆమె పోయింది. బందుల వల్ల కబురు ఆలస్యంగా అందింది. ఆయన వచ్చేసరికి మట్టి చేయడం అయిపోయింది.

ఆ మట్టికి నేను వెళ్లాను. అవ్వ రమ్మంది. సమాధి దగ్గర అవ్వ ఏడుస్తూ, "మంచిగ కొలువు చేసుకుంటున్న కొడుకును ఎవడు ఎల్లగొట్టిచ్చెనో, వాని నోట్ల మన్నువడ" అంది. నా చెయ్యి పట్టుకునే అంది. నేను గుప్పెడు మట్టి తీసి అందరితోపాటు వేశాను.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన ఒకసారి కనబడ్డాడు. మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు కోసం నిలబడి ఉన్నాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, ఇస్త్రీ బట్టలు, చేతికి గడియారం. ఎవరి పెళ్లికో వచ్చి తిరిగి వెళుతున్న సామేలే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. జుట్టంతా నెరిసింది. నవ్వాడు.

"అల్లుడా, పంతులువైనవట గదా. సంతోషం." అవ్వ పోయిందని విన్నానన్నాడు. తన తల్లికి చివరిదాకా బువ్వ పెట్టిన చెయ్యి ఆమెది అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ఆ దినం చేవెళ్లల నన్ను నువ్వు నిజంగనే గుర్తుపట్టలేదా? నేను బెజవాడ పోయేటప్పటికి నువ్వు చిన్నోడివి. వచ్చేటాల్లకు నా మొఖం గూడ మారిపాయె. గందుకే అయ్యుంటదని అనుకున్న."

టిప్పు సంగతి ఎత్తలేదు. నేను తప్పించుకోవడానికి దారి కూడా తనే చేసి నా ముందు పెట్టాడు. తెలిసి పెట్టాడా, తెలియక పెట్టాడా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. ఆ రోజు నేను కుర్రవాణ్ని, చుట్టూ గుంపు ఉంది, భయపడ్డాను అని చెప్పుకోవచ్చు. ఈసారి ఏ గుంపూ లేదు. మేమిద్దరమే ఉన్నాం. నేను పిల్లలకు నిజం చెప్పాలని నేర్పే మనిషిని.

"అవును మామా, గుర్తు రాలేదు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "గంతే, గంతే. నేను మనసుల ఏం పెట్టుకోలే" అన్నాడు. బస్సు వస్తే నా సంచి తనే అందించాడు.

ఆయన క్షమించింది నా మరుపును. నేను మరిచిపోలేదు. అందువల్ల ఆ క్షమాపణ నాకు చెందదు.

ఆయన పోయి చాలా కాలమైంది. బెజవాడలోనే పోయాడు, అక్కడే మట్టి చేశారు. పిల్లలు అక్కడే పుట్టి పెరిగారట. చందనవెల్లి వాళ్లకు తెలియదు. వాళ్ల మాట, వాళ్ల చుట్టాలు అన్నీ అక్కడివే. నేను ఒక మధ్యాహ్నం నోటికొచ్చినట్టు ఆడిన అబద్ధం అలా ఆ ఇంటికి నిజమైపోయింది. వెళ్లి ఆ పిల్లలకు చెబుదామని ఒకటి రెండుసార్లు బయల్దేరాను. ఏమని చెప్పను? మీ నాయన మంచివాడని వాళ్లకు తెలుసు. నేనెవరో చెప్పడానికేగా వెళ్లాలి. సగం దారి నుంచి వెనక్కి వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగితే మీరు కాదనలేరేమో, అది నాకు భయం. విన్నారు, అంతే చాలు. చెప్పాక గుండె కొంత తేలికైన మాట నిజం. ఆ తేలికను చూసి కూడా సిగ్గుగానే ఉంది.