చీర తాగిన గంజి

ఎదురింటి అమ్మాయి గంజి పెట్టిన నూలు చీర ఇస్త్రీ చేసుకుంటున్నట్టుంది. ఉడికిన బియ్యం వాసన, కాస్త మాడు కలిసి, మా వరండా దాకా వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు అనసూయ మేడం గుర్తొస్తారు. జూలూరుపాడు అవతల, అడవి మొదలయ్యేచోట ఉన్న ఆడపిల్లల బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. ఎనభయ్యో దశకం మొదట్లో నేను అక్కడ కొత్త టీచర్ని. సాయంత్రం బడి విడిచేదాకా ఆమె గంజిచీర కుచ్చిళ్లు చెదిరేవి కావు. నల్లబల్ల మీద చేత్తో గీసిన గీత స్కేలు పెట్టినట్టుండేది. కప్పతల్లి ఆడటానికి ఒక పిల్ల సెలవడిగితే, "పో. కప్పను ఊరంతా తిప్పితే వాన ఎందుకు పడుద్దో కనుక్కొని, రేపొచ్చి చెప్పు" అన్నారు. "ఎందుకు" అని అడగడం నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే.

మొదట్లో ఆమె మాతోపాటే తినేవారు. ఒకరోజు పని తెమలక, మధ్యాహ్నం బడి మళ్లీ మొదలయ్యే గంట కొట్టాక డబ్బా తెరిచారు. తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో నిలబడి, "మేడంగారి తిండి అయినంకనే బడి నడుస్తదా?" అన్నాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నోట్లో ముద్ద మింగలేక, ఉమ్మలేక ఆమె లేచి నిలబడ్డారు. ఆ పెద్దమనిషి కోసం సర్పంచ్ ఇంట్లో కోడికూర ఉడుకుతోంది. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి డబ్బా రాలేదు. "ఇవాళ ఒక్కపొద్దు" అనేవారు. సోమవారం శివుడు, శనివారం వెంకన్న. మిగిలిన వారాలకూ దేవుళ్లు దొరికారు. మన దగ్గర అన్నానికి కరువొస్తుంది గానీ దేవుళ్లకు రాదు. ఊరు మురిసిపోయింది. "గంత పని చేస్తది, బుక్కెడు బువ్వ ముట్టది" అని తల్లులు ఆమె కాళ్లకు మొక్కారు. లోపలి మనిషి చిక్కిపోయిన కొద్దీ చీరకు పెట్టే గంజి చిక్కనైంది. లెక్కల టీచర్ రజియా ఒక్కతే ఊరుకోలేదు.

"రంజాన్ రోజాలో మేం గూడ పొద్దుగూకంగనే తింటం మేడం. మీ పొద్దు ఎప్పుడు గూకుతది?"

"నీకు లెక్కలు ఎక్కువైనయి రజియా" అని నవ్వేశారు.

ఇద్దరమే ఉన్నప్పుడు నేనూ అడిగాను. "మీరు దేవుణ్ని నమ్మరు గద మేడం. మరి ఒక్కపొద్దులు ఎందుకు?"

"నమ్మను. తినబుద్ధి కాదంటే పిచ్చంటరు. ఒక్కపొద్దంటే చేతులు జోడిస్తరు, ఎందుకని ఎవరూ అడగరు." గుమ్మం వైపు చూసి, "ముద్ద నోట్లో పెట్టుకుంటే వాడు గుమ్మంలో నిలబడ్డట్టే ఉంటది పిల్లా" అన్నారు.

నేనూ రజియా బతిమాలి ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరు టానిక్కు రాసి, "ఉపవాసాలు మంచివేనమ్మా, కొంచెం తగ్గించుకోండి" అన్నాడు. ఆయన చదివిన చదువు కూడా దేవుడి పేరు దగ్గర ఆగిపోయింది. ఆ ఏడు జెండా పండుగనాడు, తాడు చేతిలో ఉండగానే మేడం కూలిపోయారు. మళ్లీ లేవలేదు.

సంతాపసభకు ఆ అధికారే అధ్యక్షుడు. "అన్నం నీళ్లు మాని బడిని నిలబెట్టిన తల్లి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. రజియా లేచి, "ఎవరు మాన్పించిండ్రు సార్?" అని అడిగింది. మైకు ఆపేశారు.

ఉద్యోగం చేసే ఆడదానిలో వంక దొరక్కూడదు. ఆకలి కూడా ఒక వంకే. దాన్ని చంపుకున్నదాన్ని మనం దేవత అంటాం, ఎందుకంటే దేవత కడుపు నింపే పని లేదు. నైవేద్యం చూపించి మనమే తినేయొచ్చు.

ఇస్త్రీ వాసన ఆగింది. ఎదురింటి అమ్మాయి ఉద్యోగానికి బయల్దేరుతూ తలుపుకు తాళం వేస్తోంది.

"తిన్నవా?" అని అడిగాను.

"ఇవాళ ఒక్కపొద్దు ఆంటీ."

"ఎందుకు?"

ఆమె తాళంచెవి పట్టుకుని నావైపు చూసింది. ఇంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. గేటు తీసి అన్నానికి పిలిచాను. నా చీర నలిగి ఉంటుంది, ఎప్పుడూ అంతే. ఇంట్లో గంజి వార్చిన రోజున ఉప్పేసుకుని నేనే తాగుతాను.