సూది లేని తెల్లబండి

మా ఆయనకు ఫోన్లో వీడియోలు చూసే జబ్బు ఉంది. ఎక్కడో మంచుదేశంలో ఒక జంట బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని, పొద్దున్నే తలుపు తీసి కాఫీ తాగుతూ కొండల్ని చూస్తుంటారు. అది చూసి చూసి, జీడిపిక్కల బస్తాలు మోసిన మా పాత పికప్ వ్యానుకు కూడా ఆ యోగం పట్టించాలని ఆయన నిశ్చయించుకున్నారు. వద్దన్నాను. నా మాట మా ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక.

టెక్కలి బయట, లారీలకు బాడీలు కట్టే షెడ్డుకు పని అప్పగించారు. వాళ్ళు వెనక తొట్టి మీద ఇనప పెట్టె బిగించి, పైకి లేచే టాపు పెట్టారు. మూలల్లో జాకీలు తిప్పితే టాపు లేస్తుంది, మడతపెట్టిన కాన్వాసు గుడ్డ చుట్టూ గోడలా విచ్చుకుంటుంది. దించితే మళ్ళీ మామూలు వ్యాను. లోపల పరుపు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము. ఎండ లాగదని తెల్లరంగు వేయించారు. షెడ్డు మేస్త్రి డబ్బాలో మిగిలిన ఎర్రరంగుతో రెండు పక్కలా పట్టీ లాగి, ఊరికే వేశానన్నాడు. మా ఆయన మురిసిపోయారు. నాకైతే అది అచ్చం ఆసుపత్రి బండిలా ఉంది, ఆ మాటే అన్నాను.

"నీకు టేస్టు నేదెహె," అన్నారు.

పలాస మీదుగా ఉద్దానం వెళ్ళి సముద్రం పక్కన పడుకోవాలి, ఆ తర్వాత ఇచ్ఛాపురం దాటి ఒడిశా చూడాలి. ఇదీ ఆయన పథకం. నేను సణుగుతూనే పులిహోర కలిపాను, దిండ్లకు కొత్త పువ్వుల గలీబులు తొడిగాను. పైకి ఒప్పుకోలేదు గానీ లోపల నాకూ సంబరంగానే ఉంది. తెల్లవారుతూనే బయల్దేరాం. దారిలో ఎవరైనా బండికేసి చూస్తే చాలు, ఆయన హారను కొట్టి మరీ పలకరించారు.

సముద్రం ఇంకా కాస్త దూరం ఉందనగా, ఒక ఊరి చివర కొబ్బరితోట నీడలో ఆపారు. టీ పెట్టుకుందామన్నారు గానీ అసలు ఉద్దేశం టాపు లేపి చూసుకోవడమే. టాపు ఇంకా సగం కూడా లేవలేదు, ఒక ముసలాయన వచ్చి కొబ్బరిదుంగ మీద కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"బేగి తియ్యండి బాబూ, తోటకెల్లాల," అన్నాడు.

"ఏటి తియ్యాల?" అన్నారు మా ఆయన.

"రత్తం."

ఉద్దానంలో కిడ్నీల జబ్బు సంగతి తెలియనిదెవరికి? అదెందుకు వస్తోందో కనిపెడతామంటూ ఎవరెవరో బండ్లేసుకొస్తారు, రక్తం తీస్తారు, నీళ్ళు పట్టుకుంటారు, పోతారు. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నంత మామూలుగా అక్కడి జనం చెయ్యి చాపేస్తారు. మేం నోరు తెరిచేలోపు ఆ ముసలాయన వెనక వరస కట్టారు. ఒకావిడ "టీ తాగేసినాను, పర్లేదా?" అంది. ఇంకొకాయన సీసా పట్టుకొచ్చి, "మా బోరు నీల్లు," అని మా ఆయన చేతిలో పెట్టేశాడు. ఎవరో లోపలికి తొంగి మా గ్యాసు పొయ్యి చూసి, ఈసారి మిషను కొత్తది తెచ్చినారే అని మెచ్చుకున్నారు.

"మేం టూరిస్టులం. ఊల్లు సూడ్డానికొచ్చినాం," అన్నారు మా ఆయన, సీసా ఎక్కడ పెట్టాలో తెలియక.

"మా ఊల్లో సూడ్డానికేటుంది?" అన్నాడు ముసలాయన.

మా ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించారు. రాత్రికి ఈ బండిలోనే పడుకుంటామని చెప్పారు. ముసలాయన నావైపు జాలిగా చూశాడు.

"ఇల్లు నేదేటమ్మా?"

"ఉంది. మేడే," అన్నాను.

"మరి అత్తోరింట్లో ఏటైనా గొడవా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సూది లేదని తేలాక ఒక్కొక్కరే పనుల్లోకి వెళ్ళిపోయారు. ఒక్కావిడ మాత్రం కదలలేదు. ఇంచుమించు నా వయసే. జనం పల్చబడేదాకా ఆగి, దగ్గరికొచ్చి, మా వైపు అక్కను పిలిచినట్టే పిలిచింది.

"అప్పా, మీరెవులైతే నాకేటి. ఒక్క అబద్దం ఆడిపెట్టండి."

పోయిన ఎండాకాలం ఇలాంటి తెల్లబండే వచ్చి ఆవిడ భర్త రక్తం తీసుకెళ్ళిందట. ఫలితం చెప్పడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. ఇప్పుడతనికి కాళ్ళు వాస్తున్నాయి, తిండి సయించడం లేదు. ఎవరేం చెప్పినా పలాస ఆసుపత్రికి రానంటున్నాడు.

"మా బావ పలాస ఎల్లొచ్చినాకే మంచానడి పోనాడు. ఎల్తే పోతారని ఈయన లెక్క. ఏటైనా ఉంటే బండోల్లే వచ్చి సెప్తారు, ఏటీ నేదు గనకే రానేదు అంతాడు. మీరొచ్చి, బండొచ్చింది, పలాస రమ్మన్నారని సెప్పండి. బండి సూత్తే నమ్ముతాడు."

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది జాలి కాదు, చిరాకు. సముద్రం అల్లంత దూరంలో హోరుమంటోంది. నా బతుక్కి ఒక్కసారి విహారయాత్ర అంటే దానికీ ఇదా అనుకున్నాను. ఆవిడ నా మొహమే చూస్తోంది. బతిమాలడం అలవాటైపోయిన మొహం అది. సరే పద, అన్నాను. మా ఆయన అప్పటికే జేబులో పెన్ను పెట్టుకున్నారు. ఆయనలో ఇంత నటుడున్నాడని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు.

అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు నున్నగా, ఉబ్బి ఉన్నాయి.

"మీ రిపోర్టు వచ్చింది," అన్నారు మా ఆయన, గొంతు బరువుగా పెట్టి. "పలాసలో ఇంకోసారి సూడాలంట."

"ఏటొచ్చింది?"

"అది పెద్ద డాక్టరుగారే సెప్పాల."

"ఇప్పుడే రావాల. బండిలోనే తీసుకెల్తాం," అని నేనూ ఓ చెయ్యి వేశాను.

అతను బండికేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు. టాపు దించి, వెనక పరుపు మీద అతన్ని పడుకోబెట్టాం, పక్కన ఆవిడ కూర్చుంది. సముద్రం వైపు సాగాల్సిన బండి వచ్చిన దారినే పలాసకు తిరిగింది.

ఆసుపత్రిలో రక్తం తీసుకుని కూర్చోమన్నారు. ఆవిడ చీటీ కోసం వరసలో నిలబడింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న అతను, గొంతు తగ్గించి అన్నాడు.

"మీరు బండోల్లు కారని ఎక్కగానే తెలిసిపోనాది."

మా ఆయన ఎక్కడున్నారా అని చుట్టూ చూశాను.

"పువ్వుల తలగడాలు, పులిహోర గిన్నె. రత్తం తీసే బండిలో పులిహోరేటమ్మా?"

"మరి తెలిసీ ఎందుకొచ్చావు బాబూ?"

వరసలో ఉన్న భార్యకేసి గడ్డం చూపించాడు. "దానికి సెప్పకండి. నాకు సెప్పమని ఊల్లో అందర్నీ అడిగింది. అందరి మీదా కస్సుమన్నాను. ఇయ్యాల దారిన పోయే మిమ్మల్ని కూడా అడిగింది. ఇంకెంతమంది కాల్లట్టుకుంటాది? సిగ్గేసింది."

అతన్ని మూర్ఖుడనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

సాయంత్రానికి డాక్టరు పిలిచారు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, డయాలసిస్ దాకా రాలేదు, మందులతో నెట్టుకురావచ్చు, నెలనెలా వచ్చి చూపించుకోవాలి అన్నారు. నొప్పులకని మింగే మాత్రలు మానెయ్యాలని గట్టిగా చెప్పారు.

బయటికి రాగానే ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అతని చొక్కా పట్టుకుని, ఆవరణలో ఉన్న జనమంతా తిరిగి చూసేలా తిట్టింది.

"రాత్తిరైతే సాలు, నీ ముక్కు కాడ సెయ్యెట్టి సూసుకుంతన్నాను, ఊపిరాడతందా నేదా అని. ఆ నిద్దరంతా ఎవుడిత్తాడు మావా? నీ తాతిత్తాడా?"

అతను తల దించుకుని అన్నీ పడ్డాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

తిట్టడం అయ్యాక, ఆవిడ వెళ్ళి మా బండి ఎక్కింది. మేమింకా ఒక్కసారైనా నడుం వాల్చని పరుపు మీద పడుకుని, పడుకుంటూనే నిద్రపోయింది. గాలి ఆడుతుందని మా ఆయన టాపు లేపారు. అంతలో గేటు దగ్గరి మనిషి, దారికడ్డం, బండి తియ్యండంటూ కేకేసుకుంటూ వచ్చాడు. ఆ వాచిన కాళ్ళతోనే అతను గబగబా ఎదురెళ్ళి, రెండు చేతులూ అడ్డంపెట్టాడు.

"అరవకు బాబూ," అన్నాడు. "అది పడుకుంది."