తుమ్మకుండా గుంటూరు దాటడం

ఫిబ్రవరి చివర్లో మస్కట్ నుంచి హైదరాబాద్‌కు టికెట్ చవగ్గా దొరికింది. ఆ నెలలో గుంటూరు ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ ప్రయాణం ఇంకోలా జరిగేది. నేను ఆలోచించలేదు. నా ధ్యాసంతా పంటి మీద ఉంది.

మస్కట్‌లో ఒక టైల్స్ షాపులో లెక్కలు రాస్తాను. ఎడమవైపు పై దవడలో రెండు పళ్ళు పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి అన్నం కుడివైపే నములుతున్నాను, మాంసమైతే నమిలినట్టు నటించి మింగేస్తున్నాను. కొత్త పళ్ళకు అక్కడి డాక్టరు చెప్పిన ఖర్చు వింటే ఉన్న పళ్ళు కూడా కదిలాయి. అదే పని గుంటూరులో చేయించుకుంటే, రెండుసార్లు రానూపోనూ టికెట్లు పోను వదినకు మంగళగిరి చీర కూడా మిగులుతుంది. మా అమ్మ కట్టుడు పళ్ళు మంచం పక్కన గ్లాసులో కూర్చుని చిన్నప్పుడు నన్ను తెగ భయపెట్టేవి. యాభై దాటీ దాటకముందే ఆ గ్లాసు నా మంచం పక్కకు రాకూడదని నా పట్టుదల. ఏడాదికొకసారి దొరికే సెలవును రెండు ముక్కలు చేసి, రెండూ దీనికే పెట్టాను.

విమానంలో పక్క సీటు మస్తాన్ గారిది. చిలకలూరిపేట మనిషి, మస్కట్‌లో ఏసీ మెకానిక్. మోకాలు చూపించుకోవడానికి వస్తున్నాడు. ముందు సీటాయనకు హెర్నియా, ఆయన భార్యకు కంట్లో శుక్లం.

"ఇది విమానం కాదండీ, షెడ్డుకు బోతన్న లారీ" అన్నాడు మస్తాన్. "అయితే మీరు గుంటూర్లో కట్టించుకుంటారా పళ్ళు? ఇప్పుడా?"

"ఏం, అక్కడ డాక్టర్లు మంచివాళ్ళు కాదా?"

"డాక్టర్ల సంగతి కాదండీ, సీజను..." అని, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, కళ్ళు మూసుకున్నాడు.

హైదరాబాద్‌లో దిగి, బస్సులో సికింద్రాబాద్ చేరి, ప్లాట్‌ఫారం మీద నాలుగు ఇడ్లీ తిని ఎనిమిదింటి రైలెక్కాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గుంటూరు. స్టేషన్ బయటకు రాగానే ముక్కులో చిన్న చురుకు, కళ్ళలో నీళ్ళు. పుట్టినూరి మీద ప్రేమనుకున్నాను.

అన్నయ్య మార్టూరు నుంచి వచ్చి నిలబడి ఉన్నాడు. అక్కడ గ్రానైట్ పాలిష్ యూనిట్లో సూపర్‌వైజరు. మిషన్ల హోరులో బతికినందువల్ల మామూలు మాట కూడా అరిచే చెబుతాడు. "ఏమ్మాయ్, చిక్కిపోయావే!" అంటే ఆటోవాళ్ళందరూ నన్ను ఎగాదిగా చూశారు. పళ్ళ ఆస్పత్రి సందులోనే లాడ్జి, గది తొమ్మిది వందలు. రాత్రికి పెరుగన్నం.

మర్నాడు పదింటికి కుర్చీ ఎక్కితే దిగేసరికి పన్నెండున్నర. డాక్టరమ్మ చిన్నపిల్ల, చేయి మాత్రం నెమ్మది. నొప్పి తెలియలేదు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

"మీ పై దవడ ఎముక బాగా పల్చబడింది మేడమ్. ముక్కు పక్కనున్న గాలి గది కింద ఎముక పొడి నింపి మరలు బిగించాను. అది కుదురుకోవాలంటే పది రోజులు తుమ్మకూడదు. ఆ విసురుకు కదిలిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"తుమ్మకూడదా?" అని అరిచాడు అన్నయ్య. "గుంటూర్లోనా? మిరపకాయలప్పుడా?"

డాక్టరమ్మ పాపం వెళ్ళి కిటికీ మూసి వచ్చింది. తర్వాత, "మరీ ఆగకపోతే ముక్కు మాత్రం మూయకండి. నోరు పెద్దగా తెరిచి వదిలేయండి" అంది.

అప్పుడు వెలిగింది నాకు. మిరప కల్లాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, జిల్లా అంతా ఎర్రగా ఆరబోసి ఉండే నెలలో ముక్కు పక్కన ఆపరేషన్ పెట్టుకున్నాను. తుమ్మితే ఊడే ముక్కు అని వింటూ పెరిగాను. ఇప్పుడు ముక్కు భద్రంగానే ఉంది, ముప్పంతా దాని పక్కింటికే.

"మా మార్టూర్లో రాయే గాని కాయ లేదు. పద" అన్నాడు అన్నయ్య. బస్సయితే కిటికీలు మూయనివ్వరని కారు మాట్లాడాడు. డ్రైవరు కోటయ్య. నోట్లో దూది, మొహానికి తడి తువ్వాలు, నాలుగు అద్దాలూ పైకెత్తి రెండింటికి బయల్దేరాం. ఊళ్ళోంచి వద్దు, బైపాస్ మీద పోదామనుకున్నాం. మిర్చి లారీలు కూడా అదే అనుకున్నాయి.

కదలని వరసలో మా ముందు లారీ. పైన ఒక టిక్కీ బస్తా చిరిగి కాయలు రాలుతున్నాయి. అద్దాల సందుల్లోంచి ఘాటు మొదలైంది. ఊపిరి బిగబట్టాను. ఇంతలో అన్నయ్య ఒక్క తుమ్ము తుమ్మాడు.

కోటయ్య బండి పక్కకు తీసి ఇంజను కట్టేశాడు. "ఒంటి తుమ్మండీ. ఆపరేషనయిన మనిషితో పోతన్నాం. కాసేపాగి పోదాం."

సరిగ్గా లారీ పక్కనే ఆపాడు. నోట్లో దూది వల్ల మాట రాదు. మ్మ్, మ్మ్ అంటూ సీటు మీద గుద్దాను.

"చూశారా, అమ్మగారిక్కూడా భయంగానే ఉంది" అన్నాడు కోటయ్య.

"ఒరేయ్, ఎక్కడ ఆపావురా! పోనీయ్!"

"ఇంకోటి తుమ్మితే దోషం లేదండీ. లేకపోతే నా వల్ల కాదు."

అన్నయ్య నా మొహం చూశాడు. తలుపు తీసుకుని దిగి, రోడ్డు మీద పడ్డ కాయ ఒకటి తీసుకుని, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. రెండో తుమ్ము వచ్చింది. మూడోదీ వచ్చింది. ఇక ఆగలేదు. లారీ చక్రం పట్టుకుని తుమ్ముతూనే ఉన్నాడు, పైనుంచి హమాలీలు చోద్యం చూస్తున్నారు. తెరిచిన తలుపులోంచి ఘాటంతా లోపలికొచ్చింది. నాకు తెలిసిపోయింది, ఇక ఆగదని. దూది ఉమ్మేసి, లోకమంతా కనపడేలా నోరు తెరిచి, తుమ్మాను.

కోటయ్య వెనక్కి తిరిగి, "అమ్మా, ఇదీ ఒక్క..." అనబోయి నా కళ్ళు చూసి బండి స్టార్ట్ చేశాడు.

మార్టూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. పళ్ళు పోయాయి, డబ్బు పోయింది, సెలవు పోయింది అని. పక్కన అన్నయ్య కూడా ఏడుస్తున్నాడు. ఆయనది మిరపకాయ.

పది రోజులు వదిన కారం లేని పప్పు చేసి పెట్టింది. "ఇది వంట కాదు, జైలు" అంటూనే తనూ అదే తింది. దవడ మీదికి నాలుక పోనివ్వడానికి కూడా భయపడ్డాను. మళ్ళీ గుంటూరు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు, డాక్టరమ్మ తెర మీంచి కళ్ళు తిప్పేదాకా అన్నయ్య ఒక్క మాట అరవలేదు.

"కదల్లేదు" అందామె. "నోరు తెరిచి తుమ్మారు చూడండి, అదే కాపాడింది. విమానం రెండు వారాలు దాటాకే ఎక్కండి. ఆగస్టులో వస్తే పళ్ళు బిగిస్తాను."

పంటి పనికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేదీ అదే. ఆగస్టులో రండి. అప్పుడు మిరప ఇంకా నారుమడిలో ఉంటుంది.

తిరుగు ప్రయాణం రోజు సాయంత్రం అయిదున్నరకు హైదరాబాద్ బస్సు. పెట్టె పట్టుకుని గడప దాటబోతూ హాయిగా తుమ్మాను. ఒక్కటే.

వదిన మంచినీళ్ళు తెచ్చింది. అన్నయ్య వంటింట్లోకి పరిగెత్తి ఎండుమిరపకాయతో వచ్చాడు. "ఇదిగో, రెండోది కూడా తుమ్మెయ్. బస్సు పోద్ది!"

శకునాల మీద నాకు నమ్మకం లేదు. అయినా పెట్టె కింద పెట్టి, "వద్దులే, కాసేపు కూర్చునే పోతాను" అన్నాను. అన్నయ్య కాయ చేతిలో పట్టుకునే నా పక్కన కూర్చున్నాడు.

బస్సు కూడా ఆలస్యంగానే వచ్చింది. బైపాస్ మీద లారీలు ఆ రోజూ బారులు తీరి ఉన్నాయి. కిటికీ అద్దం జరిపి ఘాటు నిండా పీల్చుకున్నాను. ఊళ్ళో ఏం చూశావని మస్కట్‌లో అడుగుతారు. చెల్లెలి పళ్ళ కోసం నడిరోడ్డు మీద మిరపకాయ విరిచి పీల్చిన మనిషిని చూశానని చెబుతాను.