వదిన నూరిన టమాట తొక్కు

నా చిన్నప్పుడు మా ఇంట్లో టమాట తొక్కు, అంటే రోటి పచ్చడి, నూరే పని నాది. ఎవరూ నాకు అప్పగించలేదు, నేనే గుంజుకున్నాను. మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే, మేమందరం అవ్వ అని పిలిచే మా నాయనమ్మ పొయ్యిలోని నిప్పుల మీద టమాటలు, పచ్చిమిరపకాయలు కాల్చేది. నిప్పుల దగ్గరికి పిల్లలను రానిచ్చేది కాదు. కాల్చి, పొట్టు తీసి, గిన్నెలో వేసి నా చేతికిస్తే నేను రోటి ముందు కూర్చుని ఉప్పు, జీలకర్ర, ఎల్లిగడ్డ వేసి నూరేదాన్ని. మధ్యాహ్నం చేను నుంచి వచ్చిన మా నాయన రొట్టె తుంచి, తొక్కులో అద్ది, నోట్లో పెట్టుకుని, "ఎవరు నూరిండ్రే ఇయ్యాల?" అని తెలియనట్టే అడిగేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను తలుపు పక్కనే నిలబడి ఉండేదాన్ని. గోపాల్‌పేట దగ్గరి మా ఊళ్ళో అంతకన్నా పెద్ద పదవి ఇంకేదైనా ఉందని అప్పట్లో నాకు తెలియదు.

మా పెరట్లో స్నానాల నీళ్ళు పారే చోట నాటు టమాట చెట్లు ఉండేవి. ఎవరూ నాటలేదు, వాటంతట అవే మొలిచేవి. కాయలు చూడటానికి ఏమీ బాగుండవు. అణిగినట్టు ఉండి, చుట్టూ గీతలు పడి, పండినా తొడిమ దగ్గర పచ్చగానే ఉండేవి. పొట్టు ఎంత పలచనంటే గట్టిగా పట్టుకుంటే పగిలిపోయేది. కానీ ఆ పులుపు, ఆ వాసన వేరు. వనపర్తి సంతలో అప్పుడప్పుడే కోడిగుడ్డు ఆకారంలో ఉండే గట్టి టమాటలు వస్తున్నాయి. వారమైనా చెడిపోవని మా నాయన తెచ్చేవాడు. నిజమే, చెడిపోయేవి కావు. రుచి కూడా ఉండేది కాదు. పెరటి కాయలు ఇంటిల్లిపాదికీ చాలవు కాబట్టి అవ్వ రెండు రకాలూ కలిపి కాల్చేది.

ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయి. అచ్చంపేట వైపు ఉండే మా మేనత్త, మామ ఇల్లు కట్టే పనులకు బొంబాయి పోతూ వాళ్ళ కూతురిని మా ఇంట్లో దించి వెళ్ళారు. నాకంటే ఏడాది పెద్దది, నాకు వదిన వరుస. మా బడిలోనే చేర్పించారు. వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఏది పెట్టినా సగమే తినేది. ఇంకో రొట్టె వెయ్యమని అడగడానికి కూడా ముఖం చెల్లేది కాదు. నేను తిని లేచాక నా కంచం కూడా తీసుకుపోయి కడిగేది. అందరూ అయ్యో పాపం అనేవాళ్ళు. నేను కూడా అన్నాను, ఆ పిల్ల నా రోలు దాకా రానంతవరకు.

వచ్చిన కొన్నాళ్ళకే అవ్వ, "ఒకనాడు నువ్వు నూరు, ఒకనాడు వదిన నూరుతది" అని తేల్చేసింది. నేను మూతి ముడిచినా పట్టించుకోలేదు. వదినకు రోటి ముందు సరిగ్గా కూర్చోవడం కూడా రాదు. బండ ఒక దిక్కు, చెయ్యి ఒక దిక్కు పోయేది. దాని తొక్కు ఏం బాగుంటుందిలే అని నేను హాయిగా ఉన్నాను. ఆ మధ్యాహ్నం మా నాయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. "అరె, ఇది ఎవరు నూరిండ్రే? నా కోడలా?" అన్నాడు. మేనకోడలు కదా, అలాగే పిలిచేవాడు. ఇంకో రొట్టె అడిగి మరీ వేయించుకున్నాడు. మర్నాడు నేను నూరాను. ఏమీ అనకుండా తిని, చేతులు కడుక్కుని చేనుకు వెళ్ళిపోయాడు.

అలా ఎన్ని రోజులు జరిగిందో లెక్క పెట్టలేదు, ప్రతిరోజూ మాత్రం ఏడ్చాను. ఉప్పు ఎక్కువేసి చూశాను, తక్కువేసి చూశాను. పల్లీలు వేయించి కలిపాను. కొత్తిమీర కోసం పక్కింటి పెరట్లోకి కూడా పోయాను. ఏం చేసినా నా తొక్కు చప్పగా, నీళ్ళు నీళ్ళుగా ఉండేది. వదిన చెయ్యి సరిగ్గా తిరగకపోయినా, ఎల్లిగడ్డ పలుకులు పలుకులుగా మిగిలినా, దాని తొక్కే బాగుందనేవారు. మా అమ్మ కూడా అంది. అమ్మ అన్నప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. వదిన మెల్లగా రెండో రొట్టె తినడం మొదలుపెట్టింది. అదీ నాకు నచ్చలేదు. నా మెప్పు తిని ఒళ్ళు చేస్తోందనిపించింది.

సంగతి బయటపడింది బర్రె కుడితి దగ్గర. టమాటల పొట్టు తీసుకుపోయి కుడితి తొట్టిలో వెయ్యడం నా పనే. ఒకనాడు చేతిలోని పొట్టు చూస్తే పలచగా, నల్లగా మాడి, పేలికలు పేలికలుగా ఉంది. ఆ రోజు వదిన వంతు. మర్నాడు నా వంతు. పొట్టు మందంగా, నిండుగా, కాయ ఆకారం చెడకుండా ఊడివచ్చింది. ఆ మరుసటి రోజు మళ్ళీ పేలికలు. తెల్లారి పొద్దున్నే లేచి పెరట్లో చెట్లు చూశాను. ముందురోజు ఎర్రగా కనిపించిన కాయలు లేవు. అప్పుడు అర్థమైంది. కాల్చి పొట్టు తీశాక ఏ టమాటైనా చూడటానికి ఒక్కలాగే ఉంటుంది కదా. అవ్వ పెరటి కాయలన్నీ వదిన గిన్నెలో వేసి, సంత కాయలన్నీ నా గిన్నెలో వేస్తోంది.

ఆ పొట్టు పిడికిట్లో పట్టుకునే అవ్వ దగ్గరికి పోయాను. పెరట్లో కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది.

"మంచియన్ని దానికి పెట్టి, నాకెందుకు సంత టమాటలు ఇస్తున్నవ్?" అన్నాను.

అవ్వ బుకాయించలేదు. "ఔ, ఇస్తున్న. నువ్వు పట్టుకోనే పట్టుకుంటివి" అంది.

"నాయనకు చెప్త."

"చెప్పు, నేను వద్దన్ననా? జర ఇను, ఇన్నంక చెప్పు." చాట కింద పెట్టింది. "మీ మామ వస్తుండు. ఆయనకు రోషం శానా. నా బిడ్డ అమ్మమ్మోళ్ళింట్ల ఉత్తగ తింటున్నదని ఆయన మనసుల పడ్డదంటే, దాని చెయ్యి పట్టుకొని బొంబాయి తీస్కపోతడు. ఆడ బడి లేదు, ఏం లేదు. నెత్తిన తట్ట పెడ్తరు. గీ ఇంట్ల దాంతోని ఒక పనైతుందని ఆయనకు కనపడాలె. దానికి రొట్టె చెయ్య రాదు, పాలు పిండ రాదు. తొక్కన్న నూరనీ."

"మరి నాకు?"

అవ్వ నా ముఖంలోకి చూసింది. "నీకేందే? నువ్వు నూరకున్నా ఈ ఇల్లు నీదే" అంది, మళ్ళీ చాట అందుకుంది.

ఆ మాటతో నా కోపం చల్లారిందని చెబితే అబద్ధం. ఇల్లు నాదైతే మంచి టమాటలు కూడా నావే కావాలి కదా అనిపించింది. అయినా నాయనకు చెప్పలేదు. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, తలమీద తట్ట ఎత్తుకున్న వదిన కళ్ళ ముందుకు వచ్చి ఆగిపోయేదాన్ని.

మామ వాళ్ళ ఊళ్ళో పెళ్ళికని వచ్చి, తిరిగి పోతూ మా ఇంట్లో దిగాడు. ఆ రోజు వంతు నాది. "ఇయ్యాల వదిన నూరుతది" అని అవ్వ గిన్నె దాని చేతికిచ్చింది. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. మామ, నాయన పక్కపక్కన తింటున్నారు. మామ తలెత్తకుండానే, "ఇంకెంత కాలం మీ మీద పెడ్త బావా, పిల్లను తీస్కపోత" అన్నాడు.

"తీస్కపోతే మాకు తొక్కు ఎవరు నూరుతరు?" అన్నాడు నాయన. "నీ బిడ్డ వచ్చినప్పటి సంది నేను ఒక రొట్టె ఎక్కువనే తింటున్న."

మామ నమ్మలేదు. మర్యాదకు అంటున్నారనుకున్నాడు. పిల్లలు అబద్ధం ఆడరని కాబోలు, నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. మీ నాయన నా కోసం అంటుండా? నువ్వు నూరింది మంచిగుంటదా, ఇది నూరిందా?"

వదిన గోడ పక్కన నిలబడి నేల చూస్తోంది. అవ్వ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగను కూడా లేదు. నిజం నా నాలుక చివరే ఉంది. ఒక్క మాట అంటే నా పదవి నాకు వస్తుంది, పొద్దు వాలే సరికి వదిన బస్సెక్కుతుంది. రెండూ జరగాలని నాకు నిజంగానే ఉంది.

"వదినదే మామా" అన్నాను. "నాది నోట్లె పెట్టుకోరు."

అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మామ నవ్వి, "మస్తు కారమున్నట్టుంది" అంటూ నీళ్ళ చెంబు నా వైపు జరిపాడు. ఇంకో ముక్క అద్దుకుని తిన్నాడు. "అట్లయితే ఉండనీ తియ్యి" అన్నాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్ళిపోయాడు.

మర్నాడు అవ్వ నన్ను పిలిచి గిన్నె చేతికిచ్చింది. అందుకోగానే వాసన తెలిసింది. పెరటి కాయలు. అంత శ్రద్ధగా నేను మళ్ళీ ఎప్పుడూ నూరలేదు. నాయన వచ్చాడు, కూర్చున్నాడు, మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇయ్యాల గూడ కోడలే నూరిందా?" అన్నాడు.

కాదని చెప్పడానికి వదిన నోరు తెరిచింది. నేను దాని పక్కనే ఉన్నాను. ఎవరికీ కనపడకుండా దాని తొడమీద గట్టిగా గిల్లి, "ఔ నాయనా, వదినే" అన్నాను. మామ ముందురోజే వెళ్ళిపోయాడు. అలా అనమని నన్ను ఎవరూ అడగలేదు. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. నాది కూడా బాగుందంటే దాని తొక్కు మాటే మరిచిపోతారని ఏదో తోచింది, అంతే. అని, రాత్రి దాకా కుమిలిపోయాను. వదిన మాత్రం పదో తరగతి దాకా మా ఇంట్లోనే ఉండి చదువుకుంది.

ఇప్పుడు ఆమె కొల్లాపూర్‌లో ఉంటుంది. మా ఇళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ పండుగ జరిగినా తొక్కు ఆమే నూరాలంటారు. నన్ను ఉల్లిగడ్డలు కోయమంటారు. ఆమె చేతికి ఇప్పుడు నిజంగానే రుచి వచ్చింది. ఇన్నేళ్ళు అందరూ బాగుంది, బాగుంది అంటే ఎవరి చేతికైనా వస్తుందేమో. తింటున్నవాళ్ళు లొట్టలు వేస్తుంటే ఈ వయసులో కూడా నాకు కడుపులో మంట లేస్తుంది. అది పోలేదు, ఇక పోతుందన్న ఆశా లేదు. కానీ కొత్తవాళ్ళెవరైనా తిని, ఇది ఎవరు నూరారని అడిగితే, ఇంకెవరూ చెప్పకముందే నేనే మా వదినను చూపిస్తాను. ఆ మాట ఇంకొకరి నోట వినడం కన్నా నా నోటితో నేనే ఇచ్చేస్తే మంట కాస్త తక్కువ.